తిట్టే వేషం

జులై 2, మంగళవారం

ఈ ఏడు కూడా తిట్టే వేషం నాకే వచ్చింది. రావడమేమిటి, నేనే తీసుకున్నాను. ఎవరెంత తిట్టినా తిరగబడకుండా కూర్చోవడం నేర్చుకునే గుంపు మాది, నేర్పడానికి తిట్టేవాళ్ళు ఒకరుండాలి. ఇంకెవరికిస్తారు? మాస్టారికి ఇచ్చి చూశాం. జన్మంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. నేల మీద కూర్చున్న మా చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు సవరించుకుని, "మీరిలా దారికి అడ్డంగా కూర్చోవడం ఏమైనా బాగుందా?" అన్నాడు. ఆసుపత్రి నర్సమ్మ నవ్వు ఆపుకోలేక పక్కకు ఒరిగిపోయింది. మోటారు మెకానిక్కు "బాగాలేదు సార్" అని నిజంగానే లేచి నిలబడ్డాడు.

నాకా ఇబ్బంది లేదు. నాది బస్టాండులో ఎంక్వైరీ కౌంటరు. బస్సు ఆలస్యమైతే తిట్లు నాకు, టైరు పేలితే నాకు, వాన పడితే నాకు. పొద్దుటినుంచీ కిటికీ కన్నంలోంచి జనం నా మీద పోసిందంతా సాయంత్రం టైలరు తాత కొట్టు వెనక గదిలో నేను వీళ్ళ మీద పోస్తాను. ఏదీ వృథా పోదు.

పోయినేడు మార్కెట్టు షెడ్లు కూలగొట్టడానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చినప్పుడు గేటుకు అడ్డంగా కూర్చున్నాం. వాళ్ళు అనని మాట లేదు. మావాళ్ళలో ఒక్కరూ తిరిగి అనలేదు, ఒక్కరూ చెయ్యెత్తలేదు. "నువ్వు తిట్టినదాంట్లో సగం కూడా తిట్టలేదక్కా వాళ్ళు" అని మెకానిక్కు తర్వాత అన్నాడు. షెడ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. ఇన్నేళ్ళలో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

ఇరవై ఒకటో తారీఖున స్కూలు హాల్లో సభ. మాలాంటి గుంపులు చాలాచోట్ల నుంచి వస్తున్నాయి. ఎక్కడ ఎలా నిలబడ్డారో, ఎక్కడ నిలబడలేకపోయారో ఒకరికొకరు చెప్పుకుంటారు. మమ్మల్ని మాత్రం చెప్పొద్దు, చేసి చూపించండి అన్నారు. ఒకరు తిట్టాలి, ఒకరు కూర్చోవాలి. కూర్చున్న మనిషి లేవకూడదు, జవాబు చెప్పకూడదు, చూపు తిప్పుకోకూడదు. తిట్టేవాళ్ళు "అయిపోయింది" అనేదాకా అంతే.

కూర్చునేది మా తోడికోడలు, ఇంట్లో చిన్నది. చిన్నదానికున్న ఓర్పు ఇంకెవరికీ లేదని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. నేనూ అన్నాను.

జులై 5, శుక్రవారం

ప్రాక్టీసు బాగా జరిగింది. చిన్నది చెక్కుచెదరలేదు. నా గొంతు పోయింది. ఇంటికొచ్చి ఉప్పు నీళ్ళతో పుక్కిలించాను.

దారిలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అంతసేపు నేల మీద కూర్చుంది కదా, నడుం నొప్పేమో.

జులై 6, శనివారం

చిన్నది ఇవాళ కూడా మాట్లాడలేదు. పనెక్కువ కాబోలు.

జులై 8, సోమవారం

రాసేస్తే పోతుంది. శుక్రవారం ప్రాక్టీసులో నేను దాన్ని అన్న మాట ఇది: "ఇంట్లో ముసలావిడ ప్రాణం పోతుంటే పక్కన కూర్చోలేనిదానివి, ఇక్కడ కూర్చుని ఎవర్ని ఉద్ధరిస్తావే?"

రాసి చూస్తే మరీ అంత పెద్ద మాటేమీ కాదు. వేషం కట్టాక వేషానికి తగ్గట్టు మాట్లాడొద్దా? గేటు దగ్గర కాంట్రాక్టరు మనుషులు ఏం చేశారు? మెకానిక్కు తమ్ముడు జైలుకెళ్ళిన సంగతి ఎక్కడో ఆరా తీసి, అందరిముందూ వాడి మొహాన కొట్టలేదూ? రేపు ఇంకో గేటు దగ్గర ఇంకెవడో చిన్నదాన్ని ఇదే మాట అంటాడు. ముందే నా నోట వింటే అప్పటికి గట్టిపడుతుంది. దాని మంచికే అన్నాను.

అత్తయ్య మంచాన పడ్డప్పుడు వంతులు వేసుకున్నాం. పగలు చిన్నది, రాత్రి నేను. పోయిన రోజు నేను వచ్చేసరికే గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. పక్కింటావిడ ఏడుస్తూ నా భుజం పట్టుకుని, "ఆఖరి నిమిషంలో గదిలో ఎవ్వరూ లేరమ్మా, కేక వినపడి నేనొచ్చాను" అంది. చిన్నది డాబా మెట్ల మీదనుంచి దిగి వచ్చిందట. డాబా మీద దానికేం పని? ఎవరూ అడగలేదు. అది చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏడాది దాటింది, ఒక్కసారి, ఒక్క మాట అడగలేదు. ఇంకో ఆడది అయితే దుమ్మెత్తి పోసేది. నేను కాబట్టి కడుపులో పెట్టుకున్నాను.

అది మాత్రం నాలుగు రోజులుగా మొహం గంటు పెట్టుకుని తిరుగుతోంది.

జులై 11, గురువారం

మాట్లాడకపోవడమే అహింస అయితే మా ఇంటి గోడల్ని మించిన సాధువులు లేరు.

చిన్నది అన్ని పనులూ చేస్తుంది. నాకు కంచం పెడుతుంది, మూత పెడుతుంది, నా గొడుగు ఆరేసి మడిచి పెడుతుంది. మాట లేదు. మాట కావాల్సివస్తే మధ్యలో ఈయన. "బావగారూ, గ్యాసు అయిపోవచ్చిందని అక్కతో చెప్పండి." నేను రెండు గజాల దూరంలోనే ఉన్నాను. ఈయన పేపరు మీంచి తలెత్తి, "గ్యాసు అయిపోవచ్చిందట" అన్నారు. "విన్నాను, నాకు చెవులున్నాయి అని చెప్పండి" అన్నాను. ఈయన అటు తిరిగి, "చెవులున్నాయట" అన్నారు. ఇంకో రోజైతే ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

అది కావాలని సాధిస్తోందా, లేక వెనక గదిలో మొదలుపెట్టింది ఇంకా ఆపలేదా? నేను ఆ రోజు "అయిపోయింది" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఇరవై ఒకటిన నలుగురికి శాంతి నేర్పబోతున్నామట.

జులై 13, శనివారం

ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలోకి చూస్తూ చెప్పారు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక.

"తమ్ముడు ఇల్లు చూస్తున్నాడు."

"ఎవరికి?"

"వాళ్ళకే. వేరే ఉంటారట. పెద్ద దూరమేం కాదంటున్నాడు."

"ఎప్పుడనుకున్నారు?"

"వారం రోజులుగా."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడానికి నేనేం తప్పు చేశానని? పోతే పోనీ. వంటిల్లు విశాలమవుతుంది. బాత్రూం దగ్గర వరస తప్పుతుంది. వాళ్ళ గది ఖాళీ అయితే కుట్టుమిషను అక్కడ పెట్టుకోవచ్చు.

దాని పెళ్ళయి వచ్చినప్పుడు దానికి స్టవ్ వెలిగించడం కూడా సరిగ్గా రాదు. నేనే నేర్పాను. నా బిడ్డ కడుపులోనే పోయిన ఏడు నాకు తల దువ్వింది అదే. ఈ రెండూ ఒకదానికొకటి చెల్లు అనుకుంటే సరిపోతుంది.

జులై 14, ఆదివారం

పోతే పోనీ అన్నాను కదా. పోనీ.

జులై 16, మంగళవారం

ఇవాళ్టి మీటింగుకు చిన్నది రాలేదు. ఒంట్లో బాగాలేదని మెకానిక్కుతో కబురు పెట్టింది. ఒకే ఇంట్లో ఉన్న నాకు ఆ కబురు అక్కడికెళ్ళాక తెలిసింది.

టైలరు తాత నన్ను చూసి మిషను ఆపాడు, మళ్ళీ తొక్కాడు. మాస్టారు సభలో ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరెక్కడ నిలబడాలో చాలాసేపు చెప్పాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. బయటికొచ్చేటప్పుడు నర్సమ్మ నా పక్కన నడిచింది. ఆవిడ చిన్నదాని పక్కనే కూర్చుంది ఆ రోజు, చెయ్యి చెయ్యి కలిపి.

"నిన్నొకటి అడగనా? ఏమీ అనుకోకు" అంది.

"అడుగు."

"నువ్వు బస్టాండు తిట్లు తిట్టేటప్పుడు మధ్యలో ఆగుతావు. తర్వాతది గుర్తుచేసుకోవాలి కదా. ఆ అత్తగారి మాటకు మాత్రం ఎక్కడా ఆగలేదు. గుక్క తిప్పుకోకుండా వచ్చేసింది."

"నటన బాగా కుదిరింది" అన్నాను.

"అయితే సరే" అంది. సందు మలుపులో ఆవిడ దారిన ఆవిడ వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఇంజెక్షన్లు పొడిచే మనిషి, మాటల గురించి ఈవిడకేం తెలుసు? ఇంటిదాకా ఆవిడను మనసులో తిడుతూనే వచ్చాను. గేటు తీస్తుంటే తెలిసింది, ఆ తిట్లకు కూడా ఆగి ఆగి వెతుక్కుంటున్నాను.

ఆ ఒక్క మాటే వెతుక్కోలేదు. సిద్ధంగా ఉంది. ఏడాదిగా పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కూర కలుపుతూ, ఎన్నిసార్లు అనుకున్నానో. పదాలు కూడా మార్చి మార్చి చూసుకున్నాను. 'చూసుకోలేని' బాగుంటుందా, 'కూర్చోలేని' బాగుంటుందా అని. ఓర్చుకున్నానని రాసుకున్నాను పైన. ఓర్చుకోలేదు. పదును పెట్టుకున్నాను.

జులై 18, గురువారం

క్షమించమని అడుగుదామని వంటింట్లోకి వెళ్ళాను. చిన్నది గిన్నెలు తోముతోంది. దాని వీపు చూస్తూ నిలబడ్డాను. నోరు తెరిస్తే వచ్చిన మాట, "సభలో నీ బదులు ఇంకెవరినైనా కూర్చోబెడదామా? ఒంట్లో బాగాలేదన్నావట."

నా నోటిది తిరగలి బతుకు. ఏం పోసినా పిండే వస్తుంది.

అది కుళాయి కట్టేసింది. పదమూడు రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడింది.

"వద్దక్కా. నేను వస్తాను."

"సరే అయితే."

"కానీ నేను కూర్చోను. ఈసారి నేను తిడతాను. నువ్వు కూర్చో."

నవ్వొచ్చింది నాకు. దానికి కుక్కను అదిలించడం కూడా రాదు. "నీకు తిట్టడం వచ్చా?" అన్నాను.

"నీ దగ్గరేగా ఇన్నాళ్ళు విన్నాను" అని మళ్ళీ కుళాయి తిప్పింది.

మాస్టారికి ఫోను చేసి చెప్పాను. ఆయన సంతోషించాడు. వేషాలు మారితే ఇంకా బాగుంటుందట.

జులై 21, ఆదివారం

తీరిగ్గా రాయాలి.

హాలు నిండింది. పిల్లలు కూర్చునే పొట్టి బల్లల మీద పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నారు. మొదట బస్సు డ్రైవర్ల గుంపు మాట్లాడింది. వాళ్ళ ఊళ్ళో రెండు పేటల మధ్య గొడవలై రాకపోకలు ఆగిపోయినప్పుడు వీళ్ళు ఆ దారిలో బస్సు ఆపలేదట. ఎక్కేవాళ్ళు లేకపోయినా ఖాళీ బస్సునే అటూ ఇటూ తిప్పారట. "మొదట ఒక ముసలాయన ఎక్కాడండి. చెవుడు. గొడవల సంగతి ఆయనకు తెలియదు" అన్నాడు ఒక డ్రైవరు. హాలంతా నవ్వింది. నా కౌంటరు బుద్ధి పోక, ఆ ఖాళీ బస్సుల డీజిలు గురించి వాళ్ళ డిపోలో ఎన్ని మాటలు పడ్డారో అనుకున్నాను.

తర్వాత ఒక పెద్దావిడ. తమ వీధిలో వేరే మతంవాళ్ళ ఇల్లు తగలబెట్టడానికి గుంపు వస్తోందని తెలిసి ఆడవాళ్ళందరూ వెళ్ళి ఆ గుమ్మంలో కూర్చున్నారట. "మేం చేసిందేం లేదమ్మా. కూరలు తీసుకెళ్ళి అక్కడే కూర్చుని తరుక్కున్నాం. ఎంతకీ పోకపోతే వాళ్ళనీ కూర్చోమన్నాం" అంది.

ఆ తర్వాత లేచిన కుర్రమాస్టరు ఒకాయన గెలిచిన కథ చెప్పలేదు. "మేం నెలలపాటు నేర్చుకున్నాం. నా పక్కవాడి తల పగిలింది. నేను రాయి తీసి విసిరాను. అంతే. చెప్పుకోవడానికి వచ్చాను" అని కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తప్పనలేదు. ఆ పెద్దావిడ తన మంచినీళ్ళ సీసా ఆయనకు అందించింది.

మా వంతు వచ్చింది. నేను నేల మీద కూర్చున్నాను. చిన్నది నా ఎదురుగా నిలబడింది. మాస్టారు నియమం చదివాడు.

"లేవ్! దారికడ్డం లేవ్!" అంది చిన్నది. గొంతు కీచుమంది. "మీకు పనీ పాటా లేదా? ఇళ్ళూ వాకిళ్ళూ లేవా?" అన్నీ నావే. బస్టాండు సరుకే. హాల్లో జనం ముసిముసిగా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, బిగబట్టుకున్నాను. అది ఒకసారి నా చుట్టూ తిరిగింది. మళ్ళీ ఎదురుగా వచ్చి ఆగింది. ఈసారి గొంతు మామూలుగా ఉంది. ఇంట్లో మాట్లాడే గొంతు.

"ఏడాది నా చేతి వంట తిన్నావు. ఒక్క మాట అడగలేదు. డాబా మీద నీకేం పని అని అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు. దాచుకుని దాచుకుని పదిమందిలో మొహాన కొట్టావు. అందుకని నేనూ పదిమందిలోనే చెప్తున్నా."

హాల్లో వాళ్ళకు ఇది నాటకమో కాదో అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఆవిడే పంపింది నన్ను. మధ్యాహ్నం నుంచీ ఒకటే పాట, పెద్దది వచ్చిందా, పెద్దది వచ్చిందా అని. పైకెళ్ళి చూసి రావే, వీధిలో కనపడుతోందేమో అంది. ఎక్కాను. చూశాను. నువ్వు లేవు. కాసేపు నిలబడితే వస్తావేమోనని నిలబడ్డాను. అదే నేను చేసిన తప్పు. నిలబడ్డాను."

ఆ రోజు మంగళవారం. ఆ సాయంత్రం నేను టైలరు తాత కొట్టు వెనక గదిలో వీళ్ళందరినీ తిడుతున్నాను. గేటు కోసం ప్రాక్టీసు.

నోరు తెరిచాను. జవాబు చెప్పకూడదు. మూసుకున్నాను. లేచి దాన్ని పట్టుకోవాలనిపించింది. లేవకూడదు. కనీసం తల దించుకోవాలనిపించింది. అదీ కూడదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఇంతమందిని కూర్చోబెట్టి తిట్టాను గానీ, కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఇవాళే తెలిసింది.

"నేను ఎందుకు చెప్పలేదంటే," అని ఆగింది. "చెప్తే నిన్ను నువ్వు తినేస్తావని. నాదే తప్పనుకుంటే అనుకోనీ అనుకున్నా."

ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయిపోయింది అక్కా" అంది.

ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. తర్వాతి గుంపును పిలవడం మర్చిపోయాడు.

జులై 22, సోమవారం

పొద్దున్నే వాళ్ళ గది తలుపు కొట్టాను. మరిది తీశాడు, నన్ను చూసి కుర్చీ మీద బట్టలు తీయబోయాడు. నేను కూర్చోలేదు.

"నేనన్నది తప్పు" అన్నాను చిన్నదానితో. "వేషం కాదు, నేనే అన్నాను. కావాలనే అన్నాను. వెళ్ళకండి."

చిన్నది దుప్పటి మడత పెడుతోంది. మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"వెళ్తామక్కా. కోపంతో కాదు. నిన్నటితో కోపం సగం పోయింది. మిగతా సగం నీ ఎదురుగా ఉంటే పోదు. నువ్వు గరిటె కింద పెట్టినా నన్నే అన్నట్టుంటుంది ఇప్పుడు. కొన్నాళ్ళు దూరంగా ఉంటే నువ్వంటే మళ్ళీ మామూలుగా ఉంటుందేమో."

బతిమాలాలనిపించింది. అరవాలని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. మరిది నేల చూపులు చూస్తున్నాడు.

"ఎప్పుడు?" అన్నాను.

"ఒకటో తారీఖు."

"సామాను సర్దడానికి నేనొస్తాను" అన్నాను. వద్దనలేదు.

జులై 27, శనివారం

నేను పాత్రలు కాగితాల్లో చుడుతుంటే అది పెట్టెలో పెట్టింది. పెద్ద గరిటె ఎవరిదని ఇద్దరికీ గుర్తులేదు. దాన్నే తీసుకోమన్నాను.

మెకానిక్కు కనపడ్డాడు. కుర్రమాస్టరు గుంపు మమ్మల్ని వాళ్ళ ఊరు రమ్మంటోందట. తిట్టేది ఎవరని అడిగాడు. మాస్టారికి ఇంకోసారి నేర్పి చూద్దామన్నాను.

ఆగస్టు 1, గురువారం

కౌంటరుకు సెలవు పెట్టాను. కొత్త ఇల్లు చిన్నదే గానీ వెలుతురుంది. సామాను దింపి మగవాళ్ళిద్దరూ ఫ్యాను బిగించేవాడి కోసం వెళ్ళారు. చిన్నదీ నేనూ కట్టలు విప్పని పరుపు మీద కూర్చున్నాం. నడుములు పడిపోయాయి ఇద్దరికీ.

అప్పుడు అడిగాను. ఏడాది కిందట అడగాల్సినది.

"డాబా దిగి వచ్చాక ఏం జరిగింది?"

అది చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఏముందక్కా. నువ్వు ఎంతకీ కనపడలేదు. పిచ్చిదాన్ని, నిజం చెప్తే ఆవిడ బెంగ పెట్టుకుంటుందని అబద్ధం ఒకటి అనుకున్నా. 'పెద్దది వస్తోందత్తయ్యా, వీధి మొదట్లోనే ఉంది, చూశాను' అని చెప్దామని. ఆ మాటే అనుకుంటూ మెట్లు పరుగున దిగాను. గదిలోకి వెళ్ళి చెప్పేశాను కూడా. మొత్తం చెప్పాక చూశాను, ఆవిడ వినడం లేదని."

బయట ఎవరో పిల్లలు సైకిలు బెల్లు ఆపకుండా కొడుతున్నారు.

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. "ఏమైనా తిన్నావా?" అన్నాను.

"పొద్దుటినుంచీ లేదు" అంది.

స్టవ్ ఏ పెట్టెలో పెట్టామో ఇద్దరం కలిసి వెతికాం.